లోపల ఒకరు ఉన్నారు

నా పేరు, ఇంటి చిరునామా, ఫోను నంబరు మీరు మొదటి కాగితంలో రాసుకున్నారు. నా వయసు ముప్పై నాలుగు. కొండ కింద తవ్వుతున్న రోడ్డు సొరంగం పడమటి గేటు దగ్గర పదకొండు నెలలుగా హాజరు గుమాస్తాగా పనిచేస్తున్నాను. చదవడం, రాయడం వచ్చు. మా ఆయన సరుకుల లారీ నడుపుతారు. మాకు ఒక పాప, ఆరేళ్లు. గత మంగళవారం సొరంగంలో నీళ్లు పడిన సంగతి, ఆ రోజు నేను చేసిన పని, చేయని పని, తెలిసినంతవరకు వరుసగా చెబుతున్నాను. నన్నెవరూ బెదిరించలేదు. మంచినీళ్లు ఇచ్చారు, తాగాను.

ముందు నా పని ఏమిటో చెప్పాలి. లేకపోతే మిగతాది అర్థం కాదు. సొరంగంలోకి పోయే ప్రతి మనిషి మెడలో ఒక కార్డు, దాని మీద ఒక నంబరు ఉంటాయి. నా బల్ల మీద ట్యాబ్ ఉంటుంది. పోయేటప్పుడు కార్డు దానికి తాకిస్తే టింగుమని మోగి ‘లోపలికి’ అని, వచ్చేటప్పుడు తాకిస్తే ‘బయటికి’ అని టైముతో సహా పడుతుంది. కొండ పక్కన సిగ్నల్ నమ్మకంగా ఉండదు. అందుకని ట్యాబ్ ఆ వివరాలను ముందు తనలోనే దాచుకుంటుంది. సిగ్నల్ ఉంటే పావుగంటకోసారి హెడ్డాఫీసులోని సర్వర్‌కు దానంతట అదే పంపుతుంది. పంపాక సర్వర్ దగ్గరున్న జాబితాను తెచ్చుకుని తన జాబితా స్థానంలో పెట్టుకుంటుంది. దీన్నే సింక్ కావడం అంటారు. సింక్ అయ్యాక ట్యాబ్ తాను చూసింది చెప్పదు, సర్వర్ చెప్పమన్నది చెబుతుంది. కంట్రోల్ రూములో గోడకున్న పెద్ద స్క్రీన్ చెప్పేదీ సర్వర్ మాటే. దాని మీద ‘లోపల’ అని, పక్కన ఎంతమందో అంకె ఉంటుంది.

తూర్పు గేటు దగ్గర కూడా ఇలాంటి ట్యాబే ఉంది. అక్కడి గుమాస్తా బడిలో పనిచేసి రిటైరైన మనిషి. అందరూ మాస్టారనే పిలుస్తారు. రెండు గేట్లకూ మధ్య రెండున్నర కిలోమీటర్లు. ఐదు వారాల క్రితం రెండు వైపుల తవ్వకం కలిసింది. అప్పటి నుంచి మనుషులు ఒక గేటులో పోయి రెండో గేటులో రావడం మొదలైంది.

214 నంబరు కార్డు పంపు ఆపరేటరుది. ఆయన మా ఆయనకు సొంత అన్న, నాకు బావగారు. పద్నాలుగు నెలల క్రితం మా అత్తగారు బావగారింట్లో ఉండగా పోయారు. మాకు కబురు ఆలస్యంగా అందింది. మేము వెళ్లేసరికి అంతా అయిపోయింది. మా ఆయన తల్లి మొహం చూసుకోలేకపోయారు. గుమ్మంలోనే నిలబడి, ఇక నాకు అన్న లేడు అని వెనక్కి తిరిగారు. అప్పటి నుంచి రెండిళ్ల మధ్య మాటల్లేవు. ఆర్నెల్ల క్రితం బావగారు ఈ సైటులోనే పనికి చేరారు. నేను మానలేను, ఆయన మానలేరు. రోజూ నా బల్ల ముందు నుంచి పోతారు. కార్డు తాకిస్తారు. నేను తల ఎత్తను. ఆయన ఆగరు. ఆర్నెల్లూ ఇలాగే జరిగింది.

మంగళవారం ఉదయం 7 గంటల 30 నిమిషాలకు నేను ట్యాబ్ ఆన్ చేశాను. 7 గంటల 52 నిమిషాలకు 214 పడింది. నంబరు చూశాను. తల ఎత్తలేదు. బూట్లు చూశాను. సైటులో అందరి బూట్లూ ఒకలాగే ఉంటాయి. 8 గంటల 10 నిమిషాలకు షిఫ్టంతా లోపలికి పోయింది. ఆ ఉదయం నా గేటు నుంచి పోయినవారు ముప్పై ఒక్కమంది. తూర్పు వైపు కాంక్రీటు ఆరుతోంది కాబట్టి అటు నుంచి ఎవరూ పోలేదు.

10 గంటల 35 నిమిషాలకు నా బల్ల కదిలింది. ఎవరో బరువైనది ఈడ్చినట్టు శబ్దం వచ్చింది. నేను గోడ అవతల లారీ అనుకున్నాను. 10 గంటల 40కి సైరన్ మోగింది. లోపల కొండ పొరల్లో నిలిచి ఉన్న నీళ్లు గోడ పగలగొట్టుకుని పడ్డాయని తర్వాత చెప్పారు. మనుషులు పరుగెత్తుకుంటూ వచ్చారు. గేటుకు అడ్డంగా నిలబడి, కార్డు తాకించనిదే ఎవరినీ వదల్లేదు. ఒకాయన నన్ను బూతు తిట్టాడు. అయినా తాకించాడు. 10 గంటల 57కి ఆఖరివాడు వచ్చాడు. పంతొమ్మిది మంది. 10 గంటల 58కి ట్యాబ్ సింక్ అయింది. నా దగ్గర, కంట్రోల్ రూములో, రెండు చోట్లా ‘లోపల పన్నెండు’ అని ఉంది.

11 గంటలకు వాకీటాకీలో మాస్టారిని అడిగాను. ఆయన దగ్గరికి పదకొండు మంది వచ్చారని చెప్పారు. తూర్పు టవర్ పాడై ముందు రోజు, అంటే సోమవారం సాయంత్రం నాలుగు నుంచి తనకు సిగ్నల్ లేదనీ, బాగుచేసేవాళ్లు టవర్ మీదే ఉన్నారనీ అన్నారు. పాత క్యాలెండరు వెనక పంతొమ్మిది, పదకొండు అని రాసి కూడాను. ముప్పై వచ్చింది. మళ్లీ కూడాను. ముప్పై.

11 గంటల 6 నిమిషాలకు కంట్రోల్ రూము నుంచి అందరి వాకీటాకీల్లో మాట వినిపించింది. తూర్పు సిగ్నల్ వచ్చింది, అందరూ క్షేమం, లోపల సున్నా అని చెప్పారు. బయట నిలబడినవాళ్లు చప్పట్లు కొట్టారు. నేను కాగితం చూసుకున్నాను. మాస్టారిని మళ్లీ పిలిచాను. ఈ మాటలు నాకు బాగా గుర్తున్నాయి.

“మాస్టారూ, ఎంతమంది వచ్చారు?”

“పన్నెండమ్మా.”

“ఇందాక పదకొండన్నారు.”

“అన్నానా? స్క్రీన్ మీద పన్నెండే ఉంది. కంగారులో ఒకటి తగ్గించి చెప్పి ఉంటాను.”

నంబర్లూ టైములూ చదవమన్నాను. చదివారు. మొదటిది 11 గంటల 5. రెండోదీ 11 గంటల 5. పన్నెండూ 11 గంటల 5 నిమిషాలే. ఆఖరి నంబరు 214. ఆ గేటు సన్నం. మనిషి వెనక మనిషి రావాలి. పన్నెండు మంది ఒక్క నిమిషంలో దాటలేరు. 214ను కళ్లతో చూశారా అని అడిగాను. అందరి మొహాలూ బురదేనమ్మా అన్నారు. అతన్ని నిన్న సాయంత్రం ఆరూ పదికి మాత్రం బాగా చూశాను, సిగ్నల్ పోయాక ఇటు నుంచి వచ్చింది అతనొక్కడే అన్నారు.

అప్పుడు నాకు సంగతి అర్థమైంది. సోమవారం సాయంత్రం బావగారు బయటికి వచ్చిన సంగతి రాత్రంతా తూర్పు ట్యాబ్‌లోనే ఇరుక్కుపోయింది. మంగళవారం సిగ్నల్ రాగానే మిగతావాటితో కలిసి వెళ్లింది. సర్వర్ ఒక కార్డుకు ఒకే వరుస ఉంచుతుంది. సంగతి ఎప్పుడు జరిగిందో చూడదు, ఎప్పుడు చేరిందో చూస్తుంది. చివర చేరిందాన్ని పాతదాని మీద రాసేస్తుంది. నిన్నటి ‘బయటికి’ ఇవాళ్టి ‘లోపలికి’ మీద కూర్చుంది. తూర్పు ట్యాబ్ కూడా సర్వర్ జాబితానే తెచ్చుకుంది కాబట్టి అక్కడ కూడా ఆరూ పది పోయి పదకొండూ అయిదు వచ్చింది. బావగారు ఆ రోజు లోపలికి పోయినట్టు ఇక నా ట్యాబ్‌లో మాత్రమే ఉంది. అది మళ్లీ 11 గంటల 13కి సింక్ అవుతుంది. టైము చూశాను. 11 గంటల 11. ఫ్లైట్ మోడ్ నొక్కాను. సిగ్నల్ గీతలు పోయాయి. 214, లోపలికి, 7 గంటల 52 అని వరుస అలాగే ఉంది.

సింక్ అయితే అది చెరిగిపోతుందని నాకెలా తెలుసని మీరు అడిగారు. దానికి జవాబు నాకు మంచిది కాదు. అయినా చెబుతున్నాను. రెండు వారాల ముందు ఒక సాయంత్రం నా ట్యాబ్‌లో ఒక ఫిట్టరు లోపలున్నట్టు, పెద్ద స్క్రీన్ మీద సున్నా ఉన్నట్టు వచ్చింది. హెడ్డాఫీసు కంప్యూటరతనికి ఫోను చేశాను. సింక్ నొక్కండి, సరిపోతుంది అన్నాడు. నొక్కాను. నా కళ్ల ముందే ఆ వరుస మారిపోయింది. ఫిట్టరు క్యాంటీన్‌లో కూర్చుని ఉన్నాడు. మనిషి దొరికాడు కదా అని నేను ఎక్కడా రాయలేదు, పైవాళ్లకు చెప్పలేదు. ఆ రోజే రాసి ఉండాల్సింది. రాయలేదు.

11 గంటల 16కి కంట్రోల్ రూముకు వెళ్లాను. అక్కడ సైటు మేనేజరు, ఇంకో నలుగురు ఉన్నారు. పడమటి గేటు నుంచి రెండు వందల మీటర్లు లోపల ఒక స్టీలు తలుపు ఉంది. నేల మీది పట్టా వెంట పక్కకు జరుగుతుంది. నీళ్లు పడితే మూయడానికే పెట్టారు. మూస్తే గేటు బయట పల్లంలో ఉన్న వర్క్‌షాపు, కరెంటు సబ్‌స్టేషను, మనుషులు పడుకునే షెడ్లు మునగవు. కానీ తలుపు వెనక నీళ్లు కప్పు దాకా లేస్తాయి. పంపు గది ఆ తలుపుకు నాలుగు వందల మీటర్ల అవతల, సొరంగంలోకెల్లా పల్లంలో ఉంది. మేనేజరు తలుపు మూసే ఉత్తర్వు రాయిస్తున్నారు.

లోపల ఒకరు ఉన్నారు అని చెప్పాను. సున్నా కదా అన్నారు. ట్యాబ్ చూపించాను. కాగితం చూపించాను. ఆయన కోప్పడలేదు. ఆ మాట కూడా రాయండి. ఆయన చెడ్డమనిషి కారు. నిన్న సాయంత్రం నుంచే స్క్రీన్ మీద ఆ ఒకటి అనవసరంగా వేలాడుతోందమ్మా, ఇప్పుడు సరైంది అన్నారు. హెడ్డాఫీసు కంప్యూటరతనికి ఫోను కలిపి అందరికీ వినిపించేలా పెట్టారు. అతను సర్వర్‌లో ఉన్నదే తాజాదనీ, నా ట్యాబ్ సింక్ కాలేదు కాబట్టి పాతది చూపిస్తోందనీ అన్నాడు.

“ఒక్కసారి సింక్ నొక్కండి మేడం, సరిపోతుంది.”

“సరిపోదండీ, చెరిగిపోతుంది,” అన్నాను.

అప్పుడు మేనేజరు నన్ను అడిగారు.

“నువ్వు అతన్ని చూశావా?”

“కార్డు పడింది సార్.”

“కార్డు సంగతి కాదు. మనిషిని చూశావా?”

లేదన్నాను. ఒకరి కార్డు ఇంకొకరు తాకించడం ఇక్కడ జరిగేదే. పోయిన నెల ఇద్దరిని పట్టుకున్నారు. ఆయన ఆ మాటే గుర్తుచేశారు. అంతమంది మధ్యలో, నా బల్లకు మూరెడు దూరంలో నిలబడిన మనిషిని నేను చూడలేదు. తల ఎత్తి ఉంటే ఆ గదిలో మాట అక్కడితో తేలిపోయేది.

11 గంటల 22కి నా ఫోనులో మా తోటికోడలికి చేశాను. నాకు అక్క వరస. పద్నాలుగు నెలలుగా చేయలేదు. నంబరు నోటికి వచ్చు.

“అక్కా, నేను. బావగారు ఇంట్లో ఉన్నారా?”

వెనక కుక్కరు కూత వినిపించింది.

“ఇప్పుడు గుర్తొచ్చారా బావగారు?”

“ఉన్నారా అక్కా?”

“పొద్దున్నే డ్యూటీకి వెళ్లారు. ఏమైంది? నువ్వు ఫోను చేశావంటే ఏమైంది?”

ఫోను పెట్టేశాను. ఆ తర్వాత ఆమె పదకొండుసార్లు చేసింది. ఎత్తలేదు. డ్యూటీకి వెళ్లడం వేరు, లోపలికి వెళ్లడం వేరు, బయట ఎక్కడో ఉండి ఉండొచ్చు అని మేనేజరు అన్నారు. మైకులో మూడుసార్లు 214ను పిలిపించారు. ఎవరూ రాలేదు. నిమిషానికి నీళ్లు ఎంత లేస్తున్నాయో ఒకాయన చెబుతూనే ఉన్నాడు. 11 గంటల 30కి మేనేజరు ఉత్తర్వు మీద సంతకం చేశారు. అరవై మంది సామాన్లూ మంచాలూ ఆ షెడ్లలో ఉన్నాయి, సబ్‌స్టేషను మునిగితే మనుషులు పోతారు, నేనేం చేయనమ్మా అన్నారు.

నేను అక్కడి నుంచి నేరుగా తలుపు దగ్గరికి పోయాను. ఎవరినీ అడగలేదు. ట్యాబ్‌ను పాప రెయిన్‌కోటు వచ్చిన ప్లాస్టిక్ సంచిలో చుట్టాను. అది నా భోజనం సంచిలో ఉంది. 11 గంటల 34కి తలుపు దగ్గరికి చేరాను. నీళ్లు పిక్కల దాకా ఉన్నాయి. చాలా చల్లగా ఉన్నాయి. తలుపు నడిపే ఆయన్ని అందరం పెద్దాయనంటాం. చేతిలో వైర్‌లెస్, ఇంకో చెయ్యి లీవరు మీద. నేను పట్టా మీద, తలుపు వచ్చి ఆగే చోట, కూర్చున్నాను. కూర్చుంటే నీళ్లు నడుము దాకా వచ్చాయి. ట్యాబ్ తల మీద పెట్టుకున్నాను.

“లేమ్మా. నా చేత ఈ పని చేయించకు,” అన్నాడు పెద్దాయన.

లోపల ఒకరు ఉన్నారు అని చెప్పాను.

“ఎవరు చెప్పారు?”

“నా ట్యాబ్.”

ఆయన వైర్‌లెస్‌లో ఏదో చెప్పి, లీవరు మీది చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు. 11 గంటల 41కి మేనేజరు, ఇంకో ఆరుగురు వచ్చారు. నన్ను లేపమని మేనేజరు చెప్పారు. ఎవరూ కదల్లేదు. రెండోసారి చెప్పారు. అప్పుడు వెల్డరు ముందుకొచ్చాడు. అతన్ని పొట్టి అంటారు, ఆరడుగుల పైనే ఉంటాడు. నన్ను ఎత్తి అవతల పెట్టడానికి వస్తున్నాడనుకుని పట్టాను గట్టిగా పట్టుకున్నాను. అతను నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

“అక్కా, 214 ఎన్నింటికి పడింది?”

“ఏడు యాభై రెండు.”

“ఇవాళేనా?”

“ఇవాళే. చూడు.”

ప్లాస్టిక్ మీద నీళ్లు తుడుచుకుని చూశాడు. లేచి, ఇందాక గేటు దగ్గర నన్ను తిట్టిన డ్రిల్లరును పిలిచి, తాడు తెమ్మన్నాడు. మేనేజరు వద్దన్నారు. మీరు నన్ను పంపలేదు సార్, నేనే పోయానని రాసుకోండి అన్నాడు. మేనేజరు కాసేపు నీళ్ల వైపు చూసి, పావుగంట అన్నారు. 11 గంటల 46కి వాళ్లిద్దరూ గోడ వెంట కేబుళ్ల కోసం కట్టిన మెట్టు పట్టుకుని లోపలికి పోయారు.

పావుగంట అయింది. తాడు కదులుతూనే ఉంది. మేనేజరు గడియారం చూసుకున్నారు, తలుపు అనలేదు. నేను లేవలేదు. నా నడుము దాకా ఉన్న నీళ్లు గుండెల దాకా వచ్చాయి. పెద్దాయన తన కోటు నా భుజాల మీద వేశాడు. అది నీళ్లలో నాని ఇంకా బరువైంది. అయినా తీసేయమనలేదు. 12 గంటల 9కి పెద్దాయన గోడ వెంట పోయే ఇనప గొట్టానికి చెవి ఆనించి చెయ్యెత్తాడు. అందరం ఊరుకున్నాం. గొట్టం మీద దెబ్బ. కాసేపటికి ఇంకో దెబ్బ. రాయి తగిలి కాదు, మనిషి కొడుతున్నది.

12 గంటల 31కి ముగ్గురూ వచ్చారు. బావగారిని పొట్టి వీపు మీద కట్టుకుని తెచ్చాడు. పంపు గదిలో వాల్వు విరిగి ఆయన కుడి పాదం మీద పడింది. ఆయన ఆ గది మెట్టు మీద ఇరుక్కుని, రెంచితో గొట్టాన్ని కొడుతూ ఉన్నారు. నీళ్లు గడ్డం దాకా వచ్చాయట. నా పక్క నుంచి తీసుకుపోతుంటే అప్పుడు చూశాను. గడ్డం పూర్తిగా నెరిసింది. ఎప్పుడు నెరిసిందో నాకు తెలియదు. ఆయన నన్ను గుర్తుపట్టారో లేదో చెప్పలేను. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. నేను పట్టా మీద నుంచి లేచాక, 12 గంటల 34కి పెద్దాయన తలుపు మూశాడు.

కంపెనీవాళ్లు మీకిచ్చిన ఫిర్యాదులో, తలుపును 11 గంటల 35కే మూసి ఉంటే నీళ్లు వర్క్‌షాపుకు చేరేవి కావని రాశారు. అది నిజం. నేను కాదనను. ఒక గంట తలుపు తెరిచి ఉంది. ఆ గంటలో నీళ్లు గేటు దాటి పల్లానికి పోయాయి. 11 గంటల 40కే వర్క్‌షాపు ఖాళీ చేయమని మైకులో చెప్పారు. ఖాళీ అయిందనే అందరూ అనుకున్నారు. 12 గంటల 20 ప్రాంతంలో వర్క్‌షాపు ఎలక్ట్రీషియన్ మెయిన్ స్విచ్ తీయడానికి ఒక్కడే తిరిగి పోయాడు. తీశాడు కూడా. అది తీయకపోతే నీళ్లలో ఉన్న మా అందరికీ షాకు కొట్టేదని పెద్దాయన చెప్పాడు. స్విచ్ దగ్గర నుంచి దిగుతుంటే నిచ్చెనను కింద నీళ్లు తోసేశాయి. వెల్లకిలా లేతు మిషను అంచు మీద పడ్డాడు. నాకు ఈ సంగతి మధ్యాహ్నం ఒంటిగంటా పావుకు తెలిసింది. అప్పటికి నేను కంట్రోల్ రూములో దుప్పటి కప్పుకుని టీ తాగుతున్నాను.

లోపలున్నది మా బంధువు కాబట్టే నేను అడ్డం కూర్చున్నానని కూడా ఫిర్యాదులో ఉంది. మీరూ అడిగారు. ఆ ఉదయం దాకా ఆయన మాకు ఏమీ కారు. పద్నాలుగు నెలలుగా ఏమీ కారు. అక్కడ బావగారు కాక ఇంకెవరున్నా కూర్చునేదాన్నా అంటే, కూర్చునేదాన్ననే అనుకుంటున్నాను. అలా జరగలేదు కాబట్టి ఒట్టు వేసి చెప్పలేను.

ట్యాబ్‌ను మధ్యాహ్నం 2 గంటల 10 నిమిషాలకు ఫ్లైట్ మోడ్‌లోనే మీ చేతికిచ్చాను. మర్నాడు కంప్యూటరతను సైటుకు వచ్చి, చెక్ చేసి ఇస్తానని నన్నడిగాడు. నా దగ్గర లేదన్నాను. అతను బల్ల మీద కూర్చున్నాడు. చేరిన టైమే చూడమని నాకు చెప్పారు, ప్రోగ్రాం అలాగే రాశాను, మనుషులు ఒక గేటులో పోయి ఇంకో గేటులో వస్తారని ఎవరూ చెప్పలేదు మేడం అన్నాడు. వయసు పాతికలోపే ఉంటుంది. సైటుకు రావడం అదే మొదటిసారట. సొరంగం ఎటుందని అడిగితే చూపించాను.

గురువారం సాయంత్రం ఐదింటికి ఆసుపత్రికి వెళ్లాను. మా ఆయన ముందే వచ్చి బావగారి మంచం పక్కన కూర్చుని ఉన్నారు. బావగారికి కుడి పాదం తీసేయాల్సి వచ్చింది. అన్నదమ్ములిద్దరూ ఫ్యాను స్పీడు గురించి మాట్లాడుకుంటున్నారు. ఎక్కువైందని ఒకరు, ఉండనీ అని ఒకరు. ఇంకో మాట రాలేదు. అక్క నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. పదకొండుసార్లు చేశాను, ఒక్కసారైనా ఎత్తొచ్చు కదే అంది. ఏం చెప్పాలో తెలియలేదక్కా అన్నాను.

తర్వాత నేనొక్కదాన్నే అదే వరండాలో నాలుగు గదుల అవతలికి వెళ్లాను. ఎలక్ట్రీషియన్ బోర్లా పడుకుని నిద్రపోతున్నాడు. కాళ్లు కదలడం లేదు, మళ్లీ కదులుతాయో లేదో నెల పోతేగాని చెప్పలేమన్నారట. అతని భార్య స్టూలు మీద కూర్చుని ఉంది. నేనెవరో చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కూర్చోమని స్టూలు నాకిచ్చి తను నిలబడింది. నేను కూర్చోలేదు. ఇద్దరం నిలబడే ఉన్నాం.

“ఎవరు ఎక్కడున్నారో ఆ రోజు మీ ఒక్కరికే తెలుసని అందరూ అంటున్నారు,” అంది.

అతని వైపు చూసి మళ్లీ తనే అడిగింది.

“మీ లెక్కలో మా ఆయన ఎక్కడున్నాడండీ?”

లేడని చెప్పాను. వర్క్‌షాపు వాళ్లకు కార్డులుండవు. నా ట్యాబ్‌లో లేడు, మాస్టారి ట్యాబ్‌లో లేడు, సర్వర్‌లో లేడు. తలుపు దగ్గర కూర్చున్నప్పుడు లోపల ఒకరున్నారని నాకు తెలుసు. బయట ఎవరున్నారని నేను ఎవరినీ అడగలేదు. ఈ మాట ఆమెకు చెప్పాను. ఆమె తల ఊపి, భర్త పాదాల మీది దుప్పటి సర్దింది. నేను ఆరింటి వరకు అక్కడే నిలబడి వచ్చేశాను.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. నేను చెప్పినదాన్ని ఈ కాగితాల మీద రాసి, శనివారం మధ్యాహ్నం 12 గంటల 15 నిమిషాలకు నాకు చదివి వినిపించారు. రెండు చోట్ల టైము తప్పు పడితే దిద్దించి, పక్కన చిన్న సంతకం పెట్టాను. చూసింది చూశానని, చూడనిది చూడలేదని చెప్పాను. ఇందులో నాకు తెలిసి అబద్ధం లేదు.

(సంతకం)
హాజరు గుమాస్తా, పడమటి గేటు

నా సమక్షంలో చెప్పగా రాసుకున్నది. ట్యాబ్ ఒకటి, ప్లాస్టిక్ సంచితో సహా, నెట్‌కు కలపకుండా సీలు వేయడమైనది.
(సంతకం)
విచారణాధికారి